మోకాలు గడియ పడినప్పుడు
(దాతల వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నేను మాట్లాడినప్పుడెల్ల ఏదో ఒక పురాణఘట్టమునో, కావ్యభాగమునో ఎత్తుకొనుట మీకు తెలియును. ఈసారి విషయము మోకాలు అని చెప్పగా మన కార్యదర్శిగారు కొంతసేపు నా ముఖము చూచి, "శాస్త్రిగారూ, మోకాలా?" అన్నారు. ముందు వరుసలో ఇప్పుడే తలనీలాలు సమర్పించి వచ్చిన భక్తులు పదిమంది దాకా ఉన్నారు. బోడిగుండుకు మోకాలికి ముడిపెట్టుట అనగా ఇదియే కాబోలునని వారు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. అయితే మీ ఇండ్లలో పదేండ్లు దాటిన పిల్లలున్నచో, నవ్విన తరువాత వినుడు.

నేను వైద్యుడను కాను. ముప్పదియెనిమిదేండ్లు పాఠశాలలో వ్యాకరణము, కావ్యములు చెప్పినవాడను. మోకాలిని గురించి నాకు తెలిసినదంతయు ఒక ఎముకల డాక్టరుగారి వలన తెలిసినది. అది ఒక పిల్లవాడు నష్టపోయిన తరువాత తెలిసినది. ఆ నష్టములో నా పాలు ఉన్నది. అందుచేతనే ఈనాడు ఈ విషయము ఎత్తుకొన్నాను.

ఆ పిల్లవానికప్పుడు పదునైదేండ్లు. తండ్రి పల్లెటూరి అర్చకుడు. పిల్లవాడు చురుకైనవాడే గాని తెల్లవారుజామున లేచుటకు బద్ధకించువాడు, తలనొప్పి కడుపునొప్పి అని తప్పించుకొనువాడు. ఒకనాటి ఉదయము రెండు గంటలు బాసింపట్టు వేసి కూర్చున్న తరువాత, ప్రక్కవానికి పుస్తకమందించుటకై ఒక ప్రక్కకు మెలితిరిగి లేవబోయి, "అమ్మా" అని కూలబడినాడు. లోపల ఏదో టక్కుమన్నదన్నాడు. కాలు చాచుమన్నాను. చాచలేకపోయినాడు. ముడువుమన్నాను. కొంత నొప్పితోనే అయినను ముడిచినాడు.

"వంగుచున్నది గదా! వంగెడి కాలు చాచుటకేమి? లే, నటన చాలించు" అన్నాను.

ఆ మాట నేనన్నదే. తరువాత డాక్టరుగారు నాకు చెప్పిన మొదటి సంగతి ఏమనగా, సరిగా నేను నటనకు గుర్తు అనుకొన్నదే ఆ జబ్బునకు గుర్తు. మోకాలు గడియ పడినవాడు చాలవరకు ముడువగలడు, పూర్తిగా చాచలేడు. నటించువానికి ఈ తేడా తెలియదు, వాడు రెండును చేతకాదనును. ఆ రాత్రి పడకల గదిలో దీపమార్పుటకు వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు గాఢనిద్రలో ఉండగా చూచినాను. నిద్రలో సైతము ఆ కాలు కొంచెము మడిగియే ఉన్నది. నిద్రలో ఎవడు నటించును? చూచియు నాకు బుద్ధి రాలేదు.

మూడవనాడు దగ్గరలోనున్న కట్టు కట్టు వ్యక్తి వద్దకు పంపినాము. మన ప్రాంతములలో పుత్తూరు కట్టు పేరు విననివారు లేరు, ఎముక విరిగినప్పుడు కట్టుపై జనులకున్న నమ్మకమును నేను తీసివేయబోను. కాని విరిగిన ఎముక సంగతి వేరు, కీలు లోపల మెత్తని భాగము మడతపడుట వేరు. ఆయన నూనె రాచి, నరము తప్పినదని, మడమ పట్టి ఒక్క లాగు లాగినాడు. పిల్లవాని కేక వీధి చివరికి వినబడినదని తోడు వెళ్లినవారు చెప్పినారు. కాలు చాల వరకు సాగినది. అందరము సంతోషించినాము. నాలుగు దినములకు మరల పట్టినది. ఇట్లు పట్టుట, విదిలించుకొనుట, నడచుట, మరల పట్టుట, మూడు నెలలు జరిగినది. నడుమ పట్టణములో ఒకచోట ఎక్స్‌రే తీయించినాము. "ఎముకలు బాగున్నవి, ఏమీ లేదు" అని నొప్పి బిళ్లలు వ్రాసినారు. మాకు కావలసిన మాట అదే గనుక మేమును నిశ్చింతగా తిరిగి వచ్చినాము. మెత్తని భాగములు ఎక్స్‌రేలో కనబడవను సంగతి మాకు అప్పటికి తెలియదు.

చివరకు వాని మేనమామ పట్టుబట్టి పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయినాడు. నేనును వెంట వెళ్లినాను. ఆ డాక్టరుగారు మందుచీటీ వెనుక ఒక బొమ్మ గీసి చూపినారు. తొడ ఎముక చివర రెండు గుండ్రని బుడిపెలుండును. వాని క్రింద కాలి ఎముక పైభాగము ఇంచుమించు బల్లపరుపు. గుండ్రని కుండను బల్లపరుపు నేలపై నిలుపుటకు మన ఆడవారు ఏమి చేయుదురు? చుట్టకుదురు వేయుదురు. మోకాలి లోపలను అట్టివే రెండున్నవి, లోపలి వైపు ఒకటి, వెలుపలి వైపు ఒకటి. పూర్తి చుట్టలు కావు, చంద్రవంకల వలె నుండును. వీనిని మెనిస్కస్ అందురు. బరువును పంచునవి, అదురును ఓర్చునవి ఇవియే.

మడిచిన మోకాలిపై బరువుండగా కాలు మెలిపడినచో ఈ చంద్రవంక నిలువునా చీలవచ్చును. చీలిన లోపలి పట్టీ రెండు కొనల వద్ద అంటియుండి, నడుమ లేచి, బొక్కెన పిడి వలె కీలు మధ్యలోనికి బోర్లపడును. డాక్టర్లు దీనిని బకెట్ హ్యాండిల్ చీలిక అందురు. తలుపు సందున గుడ్డ ఇరుకుకొన్నప్పుడు తలుపు ఎట్లు మూసికొనదో, అట్లే కాలు చివరి కొంత దూరము సాగదు. ఆ తలుపును బలముగా తోసినచో ఏమగును? గుడ్డ చినుగును, లేదా బందు వంగును. మేము చేయించినది అదే.

ఇచ్చట నా చదువు గురించి ఒక మాట. సుశ్రుత సంహిత శారీరస్థానములో సంధులను ఎనిమిది విధములుగా చెప్పి, మోకాలిని కోరసంధి అన్నారు, అనగా తలుపు బందు వంటిది. నూటయేడు మర్మములలో జానువు ఒకటి, అది వైకల్యకర మర్మము, దెబ్బతిన్నచో కుంటితనము కలుగునని కూడ ఉన్నది. ఇవి నాకు కంఠస్థములే. తరగతిలో ఎన్నిమార్లో చెప్పినాను. ఎదురుగా కూర్చున్న పిల్లవాని జానువు మర్మమని మాత్రము నాకు తోచలేదు.

డాక్టరుగారు పరీక్షించిన తీరు చెప్పెదను. తలిదండ్రులకు ఉపయోగపడును. ఆయన ముందుగా మోకాలిని ముట్టుకొననే లేదు. ఎట్లు మొదలైనది, శబ్దము వినబడినదా, వాపు వచ్చినదా, వచ్చినచో ఎంత సేపటికి, అని అడిగినారు. దెబ్బ తగిలిన కొద్ది గంటలలోనే మోకాలు ఉబ్బినచో లోపల రక్తము చేరియుండును. కీలు మధ్యనుండు బలమైన బంధనము తెగియుండవచ్చును, చిప్ప తొలగి మరల కూర్చుండవచ్చును, ఎముక పెచ్చు లేచియుండవచ్చును. మరునాటికి మెల్లగా వచ్చిన వాపైనచో మెనిస్కస్ పైకి అనుమానము పోవును. తరువాత పిల్లవానిని బోర్ల పండబెట్టి, పాదములు బల్ల అంచు దాటి వ్రేలాడునట్లు ఉంచినారు. రెండు మడమలు ఒకే ఎత్తున ఉండవలెను. వీనిది ఒక మడమ పైకి లేచియున్నది. ఎంత సాగుట లేదో కొలిచి వ్రాసికొన్నారు. కీలు గీత వెంట బొటనవ్రేలితో నొక్కినారు, లోపలి వైపున ఒక్కచోట పిల్లవాడు అదిరిపడినాడు. అంతే గాని కాలు పట్టి లాగలేదు, మెలిపెట్టలేదు.

ఆపై తుంటి త్రిప్పి చూచినారు. మోకాలు నొప్పియన్నచో తుంటి ఏల అని అడిగినాను. ఆయన నవ్వి, "తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్న సామెత మీకు తెలియదా పంతులుగారూ?" అన్నారు. ఎదుగు వయస్సులో, అందునను ఒళ్లు బరువైన పిల్లలకు, తుంటి బంతి ఎదుగుదల పొర వద్ద జారుట కలదట. ఆ నొప్పి చాలమార్లు తొడలోను మోకాలిలోను తెలియునట. మోకాలికి నూనె రాచుకొనుచు కూర్చున్నచో అక్కడ తుంటి చెడును. పిల్లవాడు కుంటుచు, పాదము బయటికి త్రిప్పి నడచుచున్నచో వెంటనే తుంటికి ఎక్స్‌రే తీయించవలెను.

ఇంకొక జాగ్రత్త. జ్వరముతో పాటు మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, కదపనీయకున్నచో అది చీలిక కాకపోవచ్చును, కీలులో చీము పట్టుట కావచ్చును. దానికి రేపటి వరకు ఆగరాదు. ఆ పూటనే ఆసుపత్రికి వెళ్లవలెను. రాత్రులు నిద్ర లేపు నొప్పి, దెబ్బ లేకయే పెరుగు గడ్డ, ఇవియు అశ్రద్ధ చేయదగినవి కావు.

నిజమైన గడియకు, నొప్పి వలన బిగుసుకొనుటకు భేదమున్నది. వాపు వలననో, తొడ వెనుక కండరము ఈడ్చిపట్టుట వలననో కాలు చాచలేకపోవచ్చును. నొప్పి తగ్గినచో అది సాగును. నిజమైన గడియ మాత్రము నొప్పి తగ్గినను సాగదు, ఏదో అడ్డు తగిలినట్లు ఒకేచోట ఆగును. ఎక్స్‌రేతో ఎముకలను, ఎమ్మారైతో మెత్తని భాగములను చూచెదరు. ఎమ్మారైకి సూది లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు. ధ్వని ఎక్కువ, కదలక పడుకొనవలెను, ఖర్చును కొంత ఎక్కువే. పిల్లల మెనిస్కస్‌లో రక్తప్రసారము హెచ్చుగా నుండుటచే ఆ చిత్రము ఒక్కొక్కప్పుడు లేని చీలికను ఉన్నట్లు చూపునట. కనుక చిత్రముతో పాటు పిల్లవానిని కూడ చూచి నిర్ణయించవలెనని ఆయన చెప్పినారు. ఈ మాట నాకు నచ్చినది. మూలము చదువక వ్యాఖ్యానము మాత్రమే చదువు విద్యార్థుల వలన నేను పడిన బాధ నాకు తెలియును.

పిల్లలలో చీలిక ఒక్కటే కారణము కాదు. మృదులాస్థితో కూడిన ఎముక పెచ్చు ఊడి, కీలులో గులకరాయి వలె తిరుగుచు అక్కడక్కడ ఇరుకుకొనుట కలదు. అది ఊడకముందే కనుగొన్నచో, ఎదుగు వయస్సులో చాలమందికి ఆటలు మాని కొన్ని నెలలు విశ్రాంతినిచ్చుటతోనే అతుకుకొనునట. పుట్టుకతోనే మెనిస్కస్ చంద్రవంకగా గాక బిళ్ల వలె నుండుట మరియొకటి. దానిని గురించి కొంచెము సేపటిలో చెప్పెదను.

మన పిల్లవానికి శస్త్రచికిత్స చేసినారు. రెండు మూడు చిన్న గాట్లు, ఒకదానిలో పెన్సిలంత సన్నని గొట్టము చివర కెమెరా, మరియొకదానిలో పనిముట్లు. ఈ పద్ధతికి ఆర్థ్రోస్కోపీ అని పేరు. దీని కథ డాక్టరుగారు చెప్పగా నాకు ఆశ్చర్యము కలిగినది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అను వైద్యుడు మూత్రాశయమును చూచు గొట్టమును ఒక మృతదేహపు మోకాలిలోనికి పంపి చూచినాడట. ఏల? ఆ దినములలో క్షయ సోకి జనుల మోకాళ్లు బిగుసుకొనిపోయెడివి. నేలపై మోకాళ్లు మడిచి కూర్చుండు జపాను వారికి బిగిసిన మోకాలు అనగా ఇంట, విందులో, కొలువులో కూర్చుండ చోటు లేనివాడగుట. అందుచే తొలిదశలోనే జబ్బు కనుగొనవలెనని ఆయన తపన. ఆయన శిష్యుడు మసాకి వతనాబే 1962లో ఆ గొట్టము ద్వారానే చీలిన మెనిస్కస్ ముక్కను తీసినాడు. కుర్చీలలో కూర్చుండు దేశములలో గాక నేలపై కూర్చుండు దేశములో ఈ విద్య పుట్టుట సహజముగనే ఉన్నది. మనమును నేలపై కూర్చుండు వారమే గదా.

మెనిస్కస్‌ను కుట్టుట అంతకంటె పాతది. 1883లోనే ఎడింబరోలో థామస్ అన్నండేల్ కుట్టినాడు. కాని తరువాత చాలకాలము దానిని అక్కరలేని వస్తువుగా భావించి, చీలినచో మొత్తము తీసివేయుటయే వాడుక అయినది. తీసిన మోకాళ్లలో కాలక్రమమున ఎముకలు అరుగు గుర్తులు కనబడుచున్నవని 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేలు చూపి వ్రాసినాడు. ఇప్పుడు పిల్లలకు వీలైనంతవరకు కుట్టవలెననియే వైద్యుల మాట. వెలుపలి అంచున రక్తప్రసారముండుటచే అక్కడి చీలిక అతుకును, లేత వయస్సులో ఇంకను బాగుగా అతుకును. అయితే పట్టీ నలగకముందే, వారముల లోపలనే కుట్టవలెను.

మేము మూడు నెలలు చేసినాము. ప్రతి మారు పట్టుట, విదిలించుట వలన ఆ పట్టీ రెండు ఎముకల నడుమ నలిగి పీచు పీచు అయినది. థియేటరు బయటకు వచ్చి డాక్టరుగారు, "కుట్టడానికి బట్ట మిగల్లేదండీ, ముక్క తీసేయవలసి వచ్చింది" అన్నారు. కోపము లేదు ఆ మాటలో. కోపగించుకొన్నను బాగుండెడిదనిపించినది.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై పౌరోహిత్యము చేయుచున్నాడు. నడచును, మెట్లెక్కును. రెండు మూడు గంటల హోమము చేయించిన మరునాడు మోకాలు నీరు పట్టును. ముప్పది నిండకయే ఎత్తు పీట కావలసి వచ్చినది. కర్త నేలపై, పురోహితుడు పీటపై కూర్చున్నాడని కొందరు గొణుగుదురట. వాడు వారికేమియు చెప్పడు. నన్ను గురించియు ఎవరికిని చెప్పలేదు. అందుచేత నేనే చెప్పుచున్నాను.

మూడేండ్ల క్రిందట అలిపిరి నడకదారిలో మా కుటుంబముతో కొండ ఎక్కుచున్నాను. మోకాళ్ల పర్వతము మీలో చాలమందికి తెలియును. భగవద్రామానుజులు ఆ ఏడుకొండలపై పాదము మోపుటకు సంకోచించి మోకాళ్లతో ఎక్కినారని చెప్పుకొందురు. మెట్లు నిటారుగా నుండును. దానికి కొంచెము ముందు ఒక పదునాలుగేండ్ల బాలిక మెట్టుపై కూర్చుండి ఏడ్చుచున్నది. మోకాలు కొంచెము మడిగి ఉన్నది. వాళ్ల అమ్మమ్మ కాలికి నూనె రాచుచు, "నరం పట్టిందే తల్లీ, ఒక్కసారి గట్టిగా చాపు" అనుచున్నది. బలిష్ఠుడైన మేనమామ ఒకడు మడమ పట్టుకొని సిద్ధముగా ఉన్నాడు.

"అమ్మా, లాగవద్దు" అన్నాను.

"మీరు డాక్టరా స్వామీ?" అన్నది ఆ పెద్దావిడ.

"కాదమ్మా. ఒక పిల్లవాని కాలు ఇట్లే లాగించి చెడగొట్టినవాడను."

మేనమామ చేయి వదలినాడు. పిల్లను అడిగినాను: ముడువగలవా? ముడిచినది. చాచగలవా? చాచలేకపోయినది. దెబ్బ ఏమైన తగిలినదా? లేదు. చిన్ననాటి నుండి ఆ మోకాలు వెలుపలి వైపున టక్కు టక్కుమనునని, ఇంటిలో అందరికీ అది వేడుక అని చెప్పినది. నా ఉత్తరీయము మడిచి మోకాలి క్రింద పెట్టి, కాలు ఎట్లున్నదో అట్లే ఉంచితిమి. అక్కడ నడకదారి ఘాట్ రోడ్డు ప్రక్కగానే పోవును. ఇద్దరు యువకులు చేతులు కుర్చీ వలె కట్టి ఆమెను రోడ్డు దాకా మోసినారు. క్రిందికి పోవు వాహనములో తిరుపతి చేర్చినాము. దర్శనము ఆగిపోయినదని అమ్మమ్మ దారి పొడుగునా బాధపడినది. నేను వారించలేదు, ఆమె మొక్కు ఆమెది.

ఎమ్మారైలో తెలిసినది ఏమనగా, వెలుపలి మెనిస్కస్ పుట్టుకతో బిళ్ల వలె నున్నది, అంచు ఊడి మడతపడినది. ఆసియా ఖండపు జనులలో ఇట్టి బిళ్ల హెచ్చుగా కనబడునని, రెండవ మోకాలు కూడ చూడవలెనని వైద్యులు చెప్పినారట. పది దినములలో దానిని చంద్రవంక ఆకారమునకు చెక్కి, ఊడిన అంచును కుట్టినారు. ముక్క తీసివేయవలసిన పని కలుగలేదు.

కుట్టిన తరువాతి ఓర్పే అసలు చికిత్స అని ఆ తల్లి నాకు ఫోనులో చెప్పినది. మొదటి నాలుగారు వారములు చంకకర్రలు, మోకాలికి పట్టీ, తొంబది డిగ్రీలకు మించి ముడువరాదు. ఆపరేషను మరునాటి నుండియే తొడ ముందు కండరమును బిగించు వ్యాయామము, లేనిచో ఆ కండరము కొద్ది వారములలోనే చిక్కిపోవును. బాసింపట్టు, గొంతుకూర్చొనుట, నేలపై కూర్చుండి లేచుట కొన్ని నెలలు మానవలెను, ఎప్పుడు మొదలుపెట్టవలెనో వైద్యుడే చెప్పవలెను. మన ఇండ్లలో కష్టమైనది ఇదే. భోజనము నేలపై, మరుగుదొడ్డి నేలపై. ఆ ఇంటిలో కుర్చీ వంటి మరుగుదొడ్డి లేనందున ప్లాస్టిక్ కుర్చీకి నడుమ కోసి అమర్చినారట. కుట్లు వేసినవన్నియు అతుకునని కాదు, కొన్ని మరల చీలును, రెండవమారు ఆపరేషను కావలసి వచ్చును. ఆ అమ్మాయికి మాత్రము అతికినది. ఎనిమిది నెలల తరువాత బడి ఆటల జట్టులో చేరినది. ఆ మరుసటి మాసము వారు మరల నడచియే కొండ ఎక్కి మొక్కు తీర్చుకొన్నారు.

యాత్రలో నున్నవారు జ్ఞాపకముంచుకొనవలసినది కొంచెమే. లాగవద్దు, మర్దన వద్దు, ఆ కాలిపై బరువు మోపనీయవద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పది పదునైదు నిమిషములు పెట్టవచ్చును. కాలు తనంతట తానే సాగినను చూపించుట మానవద్దు, మేము మోసపోయినది అక్కడనే. ఎముకల డాక్టరునే చూడవలెను. తిరుపతిలో దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రి, హైదరాబాదులో నిమ్స్ ఉన్నవి. జిల్లా ప్రభుత్వాసుపత్రులలోను ఎముకల విభాగములున్నవి. ఖర్చు విషయమై ప్రభుత్వ పథకములో ఏది చెల్లునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగనే అడుగుడు.

దాతలకు ఒక విన్నపము. ప్రతియేట పాఠశాల పిల్లలకు పట్టుపంచెలు, వెండి కుందులు ఇచ్చుచున్నారు. సంతోషము. ఈ సంవత్సరము ఆ మొత్తములో కొంత తీసి, పిల్లవానికి ఎమ్మారై వ్రాసినప్పుడు డబ్బు కొరకు తండ్రికి ఉత్తరము వ్రాసి ఎదురుచూడనక్కరలేనట్లు ఒక నిధి ఏర్పరచుడు. ఆనాడు మాకు ఆలస్యమైన మూడు నెలలలో మూడు వారములు ఆ డబ్బుకే పోయినవి, మిగిలినవి నా మాటకు పోయినవి.

ఉపాధ్యాయులకు చెప్పవలసినది నేను విరమించుటకు ముందే చెప్పినాను. తరగతి గదిలో వెనుక గోడ ప్రక్కన ఒక కుర్చీ వేయించినాను. మోకాలు నొప్పియన్న పిల్లవాడు ఆ దినము దానిపై కూర్చుండి వల్లించును, సాయంత్రము వానిని వైద్యునికి చూపవలెను. నిజమా, నటనయా అని ఎవరును అడుగరాదు. కొందరు పిల్లలు ఊరకనే ఆ కుర్చీ ఎక్కుచున్నారని నా తరువాత వచ్చిన గురువుగారు మొన్న ఫిర్యాదు చేసినారు. ఎక్కనిమ్మన్నాను.